పలుగురాయిని పారబోయకండి

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, జియాలజీ, కెమిస్ట్రీ అధ్యాపకులకు, రెండేసి బస్సులు మారి వచ్చిన పిల్లలకు, పొద్దున్నుంచీ ఈ మైకుతో కుస్తీ పడుతున్న తమ్ముడికి కూడా. మేడమ్ గారు నన్ను ‘ప్రముఖ శాస్త్రవేత్త’ అన్నారు. అంత లేదమ్మా. రాళ్లు కోసి, అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసి రిటైరైన మనిషిని. శాలువా మాత్రం కాదనను, ఇంటికెళ్లాక లెక్క అడుగుతారు.

ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో ఇదే తేదీన సి.వి. రామన్ కలకత్తాలో, కాంతి చెదిరే తీరు గురించి తన పేరు మీదుగా నిలిచిన సంగతి కనుగొన్నారు. ఆ సంగతి మీకు ఏటా చెబుతూనే ఉంటారు. 2001లో ఇదే తేదీన కోలార్ బంగారు గనులు మూతపడ్డాయి. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. నాకు ఇవాళ ఆ రెండూ కావాలి.

నాకిచ్చిన అంశం, ఖనిజ నిక్షేపాలు పాతకాలపు ద్రవాల రసాయనం గురించి ఏం చెబుతాయి అని. ద్రవం అంటే కంగారుపడకండి, ఎక్కువగా వేడి నీళ్లే. భూమి లోపల కిలోమీటర్ల లోతున, మనం కుక్కర్లో చూసేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడిలో, రెండు మూడు వందల డిగ్రీల వేడిలో ఉన్న నీళ్లు రాతి పగుళ్ల వెంట పారాయి. పోతూ పోతూ మోసుకొచ్చిన సరుకు దింపాయి. రాగి, సీసం, బంగారం చాలాచోట్ల అలా చేరినవే. ఆ నీళ్లు కోట్ల ఏళ్ల కిందటే వెళ్లిపోయాయి. మిగిలిన రాళ్లను చూసి వాటి సంగతి చెప్పాలి.

కెమిస్ట్రీ పిల్లలు చేతులెత్తండి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో సల్ఫేటుకు ఏం పోశారు? బేరియం క్లోరైడ్. టెస్ట్‌ట్యూబులో తెల్లటి అవక్షేపం. ఆ తెల్లటిదే బెరైట్, మన కడప వైపు ముగ్గురాయి. మంగంపేటలో ఉన్నది ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఆయిల్ బావులు తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్డికి బరువు రావడానికి ఆ పొడి కలుపుతారు. ఇప్పుడు ఆలోచించండి. బేరియం, సల్ఫేటు ఎదురుపడితే అక్కడికక్కడే గట్టిపడిపోతాయి. రెండూ ఒకే నీటిలో కలిసి దూరం ప్రయాణం చేయలేవు. కాబట్టి ఎక్కడైనా బెరైట్ కుప్పపడి ఉంటే మొదటి అనుమానం ఇదే: బేరియం తెచ్చిన నీళ్లు వేరు, సల్ఫేటు ఉన్న నీళ్లు వేరు, అవి ఇక్కడ కలిశాయి. మైక్రోస్కోపు అక్కర్లేదు, ఏ ఖనిజం ఉందన్న సంగతే సగం కథ చెప్పేసింది.

ఇక పలుగురాయి. క్వార్ట్జ్. పొలంలో తగిలితే గట్టు మీదికి విసిరేస్తాం. బంగారు గనిలోనూ అంతే. బంగారం తీసుకుని పలుగు పిండిని గుట్టలు పోస్తారు. కానీ ఆ స్ఫటికం పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవం చిన్న చిన్న బొట్లుగా లోపల చిక్కుకుపోయింది. ఒక్కో బొట్టు మిల్లీమీటరులో వందో వంతు ఉంటే పెద్దదే. వేడిగా చిక్కుకుంది, చల్లారాక కుంచించుకుపోయింది, ఖాళీ అయిన చోట బుడగ ఏర్పడింది. 1858లో షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ ఈ సంగతి పట్టుకున్నాడు. రాయిని మళ్లీ వేడి చేస్తే బుడగ మాయమయ్యే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. బొట్టు చిక్కుకున్ననాడు కనీసం అంత వేడి ఉండి తీరాలి. తిరగేసి గడ్డకట్టిస్తే ఉప్పు లెక్క తేలుతుంది. మంచినీళ్ల మంచు సున్నా దగ్గర కరుగుతుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఇంకా కిందకి దిగుతుంది, మామూలు ఉప్పుకైతే మైనస్ 21.2 డిగ్రీల దాకా. కొన్ని బొట్లలో ఉప్పు ఎంత ఎక్కువంటే, చల్లారాక లోపల చిన్న ఉప్పు ఘనమే తేలి కనిపిస్తుంది. నలుచదరంగా, అంచులు గీసినట్టు.

కర్ణాటకలోని కోలార్, హట్టి లాంటి చోట్ల బంగారం తెచ్చిన ద్రవంలో ఉప్పు తక్కువ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. ఆ బొట్టు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అంచు చుట్టూ నీళ్లు, లోపల ద్రవరూపంలో కార్బన్ డయాక్సైడ్, దాని మధ్యలో గ్యాస్ బుడగ, వణుకుతూ. కార్బన్ డయాక్సైడ్‌కు 31 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అన్న తేడా ఉండదు. అంటే మన హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని ల్యాబులో ఆ బుడగ తనంతట తానే మాయం! మా కుర్రాళ్లు శాంపిల్ పాడైందని టెన్షన్ పడేవాళ్లు. పొద్దున్నే రండిరా అనేవాణ్ని.

మరి అది కార్బన్ డయాక్సైడా, మీథేనా, నైట్రోజనా? బొట్టు పగలగొట్టకుండానే తెలుసుకోవచ్చు. లేజర్ కిరణాన్ని దాని మీదికి గురిపెడితే చెదిరివచ్చే కాంతి ఏ వాయువో చెప్పేస్తుంది. ఎవరి పద్ధతది? ఇవాళ మీరు దండ వేసిన పటంలో ఉన్న ఆయనది.

బంగారం నీళ్లలో కరుగుతుందా అని అడగండి. ఎవరూ అడగరేం? కరుగుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న వేడి నీటిలో గంధకంతో జతకట్టి ప్రయాణిస్తుంది. దారిలో ఇనుము ఎక్కువున్న రాయి తగిలితే ఆ ఇనుము గంధకాన్ని లాగేసుకుని పైరైట్‌గా మారుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే దిగిపోతుంది. అందుకే పగులులో నిండిన పలుగు తీగతో పాటు పక్క గోడరాయి, అంటే తీగను ఆనుకుని ఉన్న రాయి, కూడా కావాలి. గోడరాయిలో పైరైట్ ఎంత దూరం పాకిందో చూడాలి. గోడరాయి కావాలంటున్నాను, రాసుకోండి. ఎందుకంటే మొదట చెత్తబుట్టలోకి వెళ్లేది అదే.

ఇక్కడ జింకు ఖనిజం స్ఫాలరైట్ గురించి, దాని తేనెరంగు, నల్లరంగు గురించి చెప్పాలని రాసుకొచ్చాను. అది వదిలేస్తాను. కడుపులో ఉన్నది చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసులో, పేరు అడక్కండి, కోర్ షెడ్ ఖాళీ చేశారు. కోర్ అంటే డ్రిల్లింగ్‌లో లోపలి నుంచి తీసిన కర్రలాంటి రాయి. మీటరు మీటరుకూ వేల రూపాయలు ఖర్చు. వరసగా పెట్టెల్లో పెట్టి లోతు రాసి దాచుకుంటాం. ఎవరో పెద్దాయన తనిఖీకి వస్తున్నారు, కార్లు నిలపడానికి జాగా కావాలట. రేకు పెట్టెలు పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేశారు. దానికి రశీదు ఉంది, నేను చూశాను. రాయికి రశీదు లేదు, రిజిస్టర్లో పద్దు లేదు. గేటు బయట రోడ్డు గుంటల్లో పోసి రోలరు తొక్కించారు. నేను వెళ్లేసరికి ఒక ముక్క పైకి తేలి ఉంది. తెల్ల పలుగు, దానికి అంటుకుని బూడిదరంగు గోడరాయి, మీద పసుపు పెయింటుతో రాసిన అంకెల్లో సగం. లోతు ఎంతో తెలియదు. ఏ బోరుదో తెలియదు. అడిగితే, ‘అస్సే రిపోర్టు, అదే లోహం ఎంతుందో కొలిచింది, ఉంది కద సార్, టన్నుకు ఎన్ని గ్రాములో అందులో ఉంది’ అన్నారు.

అంకె ఉంది. నీళ్లు లేవు. నాకు ఇప్పటికీ కోపమే.

ఎందుకంత పట్టింపు అంటారా? 1960ల్లో తీసిన కోర్‌కు అప్పట్లో లేజర్ రామన్ మైక్రోస్కోపు లేదు. ఒక్క బొట్టులో రాగి ఎంత, సీసం ఎంత అని కొలిచే లేజర్ పరికరాలు ఇంకా తర్వాత వచ్చాయి. పనిముట్లు వస్తూనే ఉంటాయి, రాయి ఉండాలి కదా! కోలార్‌లో మూడు కిలోమీటర్ల లోతుకు మించి దిగారు. ఇప్పుడా సొరంగాలు నీళ్లతో నిండిపోయి ఉన్నాయి. ఆ లోతు నుంచి కొత్తగా పిడికెడు రాయి తేవడం ఎవరి తరం? పైన ఎక్కడ ఏ పెట్టెలో ఏ ముక్క మిగిలి ఉందో అదే మనకున్నది. ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ అనే బంగారు గనుల ఊళ్లో కోర్ కోసం లైబ్రరీ కట్టారు. అడిగితే పెట్టె తీసి బల్ల మీద పరుస్తారు.

బాబూ, వెనక బెంచీ, అయిపోవచ్చింది. బంగారం మనకెందుకు అనుకుంటున్నావేమో. ఈ ఊరే సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద కూర్చుంది. ఖాజాగూడ గుట్టల్లోనో, సెల్లార్ తవ్విన చోటనో చూడు, గులాబీ రంగు రాతిలో పిస్తా రంగు చారలు కనిపిస్తాయి. అది ఎపిడోట్. కాల్షియం, ఇనుము మోసిన వేడి నీళ్లు ఆ పగుల్లోంచి పారిన జాడ. మీ ఇంటి గ్రానైట్ గట్టు మీద కూడా ఉండొచ్చు, సాయంత్రం వెతుకు.

పిల్లలూ, ఎక్కడైనా పాత కోర్ పెట్టెలు కనిపిస్తే ఊరు, బోరు నెంబరు, లోతు, మూడూ కనబడేలా ఫొటో తీసి మీ లెక్చరర్‌కు పంపండి. ముక్క జేబులో వేసుకోకండి. లోతు తెలియని ముక్క ఎవరికీ పనికిరాదు.

ప్రిన్సిపాల్ గారూ, వచ్చేటప్పుడు మీ మెట్ల కింద ఒక గది చూశాను. విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవు. నాలుగు ఇనుప ర్యాకులు పడతాయి, నేల గట్టిది, వాన కొట్టదు. నా దగ్గరున్న పలుగు ముక్కలు, గోడరాయితో సహా, లోతులు రాసినవి, వచ్చే వారమే తెచ్చి పెడతాను. ఆ తాళం ఎవరి దగ్గరుందండీ?