లాకేజ్‌తో ఆక్సిజన్ కాథోడ్: క్లోరైడ్‌తోనే అసలు తంటా

నమస్కారం అండి. ఇవాళ లాకేజ్ కాథోడ్ చేద్దాం. ప్లాటినం లేకుండా, పుట్టగొడుగు ఎంజైమ్‌తో ఆక్సిజన్‌ని నీళ్లుగా మార్చే ఎలక్ట్రోడ్ అన్నమాట.

ముందు ఈ బొమ్మ చూడండి. మొత్తం నాలుగు రాగి పరమాణువులు. ఇదిగో, విడిగా ఉన్నది టీ1, ఎలక్ట్రాన్ లోపలికొచ్చేది ఇక్కడే. ఇక ఈ మూడూ ఒక గుంపు, టీ2 ఒకటి, టీ3 రెండు. ఆక్సిజన్ వచ్చి కూర్చునేది ఈ గుంపులో. నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని నేరుగా నీరైపోతుంది, పెరాక్సైడ్ దగ్గర ఆగదు. మనం వాడేది ట్రామెటిస్ వెర్సికలర్ అనే పుట్టగొడుగు లాకేజ్. దీని టీ1 పొటెన్షియల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ లెక్కన 0.78 వోల్టుల దగ్గర ఉంటుంది. పీహెచ్ 5లో ఆక్సిజన్ నీరయ్యే సమతౌల్య పొటెన్షియల్ 0.93 వోల్టులు. అంటే తేడా, మనం పోగొట్టుకునేది, 150 మిల్లీవోల్టులే! అందుకే దీని మీద ఇంత మోజు.

సరే, ఎలక్ట్రోడ్. 3 మిల్లీమీటర్ల గ్లాసీ కార్బన్. 0.3 మైక్రాన్ అల్యూమినా పొడితో, తర్వాత 0.05తో రుద్ది నున్నగా చేసి, కడగండి, సోనికేటర్‌లో కాసేపు. ఇది మీకు తెలిసిందే. దాని మీద మల్టీవాల్ కార్బన్ నానోట్యూబులు, డీఎంఎఫ్ అనే ద్రావకంలో మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము. 5 మైక్రోలీటర్లు వేసి, ఆరాక మళ్ళీ 5. ఒకేసారి 10 వేస్తే చుట్టూ ఉన్న టెఫ్లాన్ మీదికి పాకుతుంది. డీఎంఎఫ్ కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి.

2007లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం గ్రాఫైట్‌కి ఆంత్రసీన్ గుంపులు అతికించి చూపించింది. అవి టీ1 పక్కనున్న నీరంటని గుంటలోకి దూరి ఎంజైమ్‌ని సరైన వైపు తిప్పి పట్టుకుంటాయని వాళ్ళ ఆలోచన. ఎక్కువ రోజులు నిలవాలంటే ఆ దారి మంచిది. ఇవాళ్టికి ఉత్త నానోట్యూబులు చాలు.

ఎంజైమ్ పొడి గోధుమ రంగులో ఉంటుంది, అంతా ఎంజైమ్ అనుకోకండి. బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున దిగింది పారేయండి. పైది 10 కిలోడాల్టన్ ఫిల్టర్‌లో రెండు మూడుసార్లు కడగండి, ఉప్పులూ చక్కెరలూ పోతాయి. మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాములు ఉండేట్టు చేసి, 10 మైక్రోలీటర్ల బొట్టు పెట్టి, 4 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. బొట్టు ఆరకూడదు. ఇదిగో ఇలా, తడి టిష్యూ పెట్టిన మూత బోర్లించండి.

ఇప్పుడు అసలు సంగతి, క్లోరైడ్. ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. క్లోరైడ్ ఆ మూడు రాగుల గుంపు దగ్గర అడ్డుపడుతుంది, కరెంటు పడిపోతుంది. ఫ్లోరైడ్ అయితే ఇంకా ఘోరం. "నేను ఉప్పు వేయలేదు కదా" అంటారు. మీరు వేయరు, దానంతట అదే వస్తుంది. ఎలా అంటే, బఫర్ పీహెచ్ సరిచేయడానికి హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వాడితే వచ్చేస్తుంది. 0.1 మోలార్ సోడియం అసిటేట్‌కి అసిటిక్ ఆసిడ్‌తోనే సరిచేయండి. పీహెచ్ మీటర్ గాజు ఎలక్ట్రోడ్‌లో కూడా పొటాషియం క్లోరైడే ఉంటుంది, దాన్ని స్టాక్ బాటిల్లో ముంచకండి. చిన్న బీకర్‌లో కొంచెం వంచి, కొలిచి, అది పారేయండి.

అన్నిటికన్నా పెద్ద దొంగ ఇదిగో, ఈ సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్, అంటే వోల్టేజిని దేనితో పోల్చి కొలుస్తామో ఆ ఎలక్ట్రోడ్. కొన నుంచి క్లోరైడ్ మెల్లగా కారుతూనే ఉంటుంది. సెల్ 5 మిల్లీలీటర్లదైతే ఇంకా తొందరగా తెలుస్తుంది. గ్రాఫ్ చూస్తే ఎంజైమ్ ఊడిపోతున్నట్టే ఉంటుంది, అదే చిక్కు. రెండూ విడదీయాలంటే బఫర్ మొత్తం తీసేసి కొత్తది పోయండి. కరెంటు తిరిగొస్తే క్లోరైడ్, రాకపోతే ఎంజైమ్ పోయింది. క్లోరైడ్ అడ్డు శాశ్వతం కాదు కాబట్టి ఈ పరీక్ష పనిచేస్తుంది. నేనైతే మెర్క్యురీ-మెర్క్యురస్ సల్ఫేట్ రిఫరెన్స్ పెట్టేస్తాను, గొడవే ఉండదు. లేదంటే డబుల్ జంక్షన్, అంటే రెండు గదులున్న రిఫరెన్స్ వాడి, బయటి గదిలో మీ బఫర్ నింపండి.

కౌంటర్‌కి, అంటే కరెంటు సర్క్యూట్ పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడ్‌కి, ప్లాటినం తీగ వద్దు, గ్రాఫైట్ కడ్డీ పెట్టండి. ప్లాటినం కొంచెం కరిగి వచ్చి మీ ఎలక్ట్రోడ్ మీద కూర్చుంటే, ఆక్సిజన్‌ని తగ్గించింది ఎంజైమో ప్లాటినమో చెప్పలేరు.

స్కాన్ మొదలుపెడదాం, అంటే వోల్టేజిని మెల్లగా మారుస్తూ కరెంటు చూడటం. సల్ఫేట్ రిఫరెన్స్ మీద +0.26 నుంచి -0.34 వోల్టులు, సెకనుకి 5 మిల్లీవోల్టులు. హైడ్రోజన్ లెక్కకి 0.64 కలపండి. ముందు 20 నిమిషాలు నైట్రోజన్ ఊది ఆక్సిజన్‌ని తరిమేద్దాం... చూశారా, ఉత్త డబ్బా ఆకారం, అది కెపాసిటెన్స్, ఎలక్ట్రోడ్ మీద ఛార్జ్ చేరడమే. ఇప్పుడు ఆక్సిజన్. ఇదిగో, +0.15 ప్రాంతంలో కిందికి వంగింది. సిలిండర్ లేకపోతే అక్వేరియం పంపు చాలు. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతే కాబట్టి కరెంటు తగ్గుతుంది, కానీ వంపు కనిపిస్తుంది.

కంట్రోల్‌కి, అంటే కరెంటు ఎంజైమ్ వల్లే అని తేల్చుకోడానికి, ఇదే ఎంజైమ్‌ని మరిగించి ఇంకో ఎలక్ట్రోడ్ చేయండి. చాలామంది ఎంజైమ్‌ని ఆపడానికి అజైడ్ వేస్తారు. పీహెచ్ 5లో అది విషవాయువు వదులుతుంది, నాకు నచ్చదు. ఇక రక్తంలాంటి ఉప్పు నీళ్లలో, పీహెచ్ 7 దగ్గర పని కావాలంటే లాకేజ్ వదిలేసి మైరోథీసియం వెర్రుకేరియా అనే శిలీంధ్రం ఇచ్చే బిలిరుబిన్ ఆక్సిడేజ్ తీసుకోండి. రాగులు అవే నాలుగు, కానీ అది క్లోరైడ్‌కి అంతగా లొంగదు.