పేజర్ కొనే ముందు: ఏ పనిచోటుకు ఏది?

[దృశ్యం: రంజాన్ నెల, టోలిచౌకిలో ఒక హోటల్ ముందు గుంపు. ఒకాయన అరచేతిలోని గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ల ఎర్రగా మెరుస్తూ వణుకుతుంది.]

వ్యాఖ్యానం: టేబుల్ ఖాళీ అయిందని పేరు పెట్టి అరవకుండా, ఆ కబురును నేరుగా అతిథి చేతికే అందించే ఈ బిళ్ల కూడా పేజరే. నెలనెలా చందా కట్టి నడుముకు తగిలించుకున్న ఆ పాత పేజర్ సేవలు సెల్‌ఫోన్ల రాకతో మన దేశంలో మూతపడ్డాయి. కానీ సొంత ట్రాన్స్‌మిటర్‌తో, సిమ్ కార్డుతో గానీ ఇంటర్నెట్‌తో గానీ నిమిత్తం లేకుండా ఒక్క ఆవరణకే పనిచేసే రకం నేటికీ అమ్ముడవుతోంది. ధర అడిగే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: కబురు చేరకపోతే ఏమవుతుంది?

హోటల్‌లో అయితే అతిథి కాసేపు విసుక్కుంటాడు, అంతే. అందుకే ఒకవైపు మాత్రమే సంకేతం వెళ్లే చవక రకం అక్కడ సరిపోతుంది. అయితే మన జనం గుమ్మం దగ్గరే నిలబడరు. రోడ్డు దాటి పాన్ డబ్బా దాకా వెళతారు. కనుక పరిధి దాటగానే తనంతట తానే మోగే సదుపాయం ఉందో లేదో చూడాలి. చాయ్ ఒలికినా తుడిచి వాడుకోగలగాలి.

[దృశ్యం: ఆసుపత్రి వార్డు, మంచం పక్కన పిలుపు బటన్.]

ఆసుపత్రిలో లెక్క వేరు. ఒకవైపు పేజర్‌లో ట్రాన్స్‌మిటర్ సంకేతాన్ని గాలిలోకి వదిలేస్తుందే తప్ప, అది నర్సుకు అందిందో లేదో దానికి తెలియదు. నర్సు బటన్ నొక్కి అందినట్టు తెలిపే రెండువైపుల పద్ధతి, నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే అదే పిలుపు మరొకరికి వెళ్లే ఏర్పాటు ఇక్కడ తప్పనిసరి అని నా అభిప్రాయం. ఈ ఒక్క చోట మాత్రం పొదుపు చేయకండి. ఇంకొక సంగతి: పేజర్లలో విస్తృతంగా వాడే పోక్‌సాగ్ పద్ధతికి సొంతంగా గోప్యత లేదు, తగిన రేడియో రిసీవర్ ఉన్న ఎవరైనా ఆ సందేశాన్ని చదవగలరు. అందువల్ల రోగి పేరు, జబ్బు పంపకుండా మంచం నంబరుతో సరిపెట్టాలి.

జీడిమెట్లలోని యంత్రాల షెడ్డులో, చెవులకు రక్షణ కవచాలు పెట్టుకున్న కార్మికుడికి మోత వినిపించదు. ఒంటికి ఆనుకుని గట్టిగా వణికేదే కావాలి. ద్రావకాల ఆవిరి ఉండే మందుల కర్మాగారాల్లో మాత్రం, నిప్పురవ్వకు తావివ్వదని ధ్రువీకరణ పొందిన పరికరం తప్ప మరేదీ లోపలికి తీసుకెళ్లకూడదు.

[దృశ్యం: డబ్బా మీద ముద్రించిన పరిధి అంకె, దగ్గరగా.]

డబ్బా మీది దూరం సాధారణంగా బయలు ప్రదేశంలో కొలిచినది. కాంక్రీటు స్లాబులు, లిఫ్టు, ముఖ్యంగా ఉక్కు రేకుల శీతల గది ఆ దూరాన్ని బాగా తగ్గించేస్తాయి. కాబట్టి డబ్బు చెల్లించక ముందే పరికరాన్ని తెప్పించి, సెల్లార్‌లోను, శీతల గది తలుపు మూసిన తరువాత లోపలా, రద్దీ వేళలో మోగించి చూడాలి. ఈ పేజర్లు నడిచే రేడియో తరంగాల సంగతీ చూడాలి: మన దేశంలో 865–868 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్‌ను (తరంగాల శ్రేణిని), భవనాల లోపల 433–434 మెగాహెర్ట్‌జ్‌ను, నిర్ణీత శక్తి పరిమితికి లోబడి, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. వేరే బ్యాండ్‌లో పనిచేసే దిగుమతి సరుకు చవకని మొగ్గకండి. కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ విభాగమైన డబ్ల్యూపీసీ ఆమోదపత్రం చూపించమని దుకాణదారుణ్ని అడగండి.

చివరిగా, చాలామంది మరిచిపోయేది కరెంటు. చేతిలోని పేజర్లకు బ్యాటరీ ఉంటుంది కానీ, గోడకు తగిలించిన ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే అవన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. దానిని ఇన్వర్టర్ లైనుకే కలపమని ఎలక్ట్రీషియన్‌కు బిగించే రోజే చెప్పండి.