కుర్రవాడి బ్యాటు మూగబోయినప్పుడు

మిత్రులందరికీ నమస్కారం.

2024 జూన్ మొదట్లో డెట్రాయిట్ టైగర్స్ బేస్‌బాల్ జట్టు స్పెన్సర్ టోర్కెల్సన్‌ను టొలీడోలోని మైనర్ లీగ్, అంటే దిగువ స్థాయి, జట్టుకు పంపించింది. ఈ ఊరికి వచ్చి స్థిరపడి, టైగర్స్‌ను సొంత జట్టుగా చేసుకున్న మనలో చాలామందికి ఆ వార్త గుర్తుండే ఉంటుంది. జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2020లో దేశం మొత్తం మీద మొదటి ఎంపిక అతను. 2023లో 31 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. మరుసటి ఏడాది రెండు నెలలు గడిచేసరికి నాలుగు హోమ్ రన్ల దగ్గరే ఆగిపోయాడు. డెట్రాయిట్ నుంచి టొలీడో కారులో గంట ప్రయాణమే గాని, మేజర్ లీగ్ నుంచి మైనర్ లీగ్‌కు దిగిన కుర్రవాడికి అది ఎంత దూరంగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు. ఆ వారమంతా మిత్రుల మధ్య నడిచిన వాదన ఒక్కటే, పంపడం సరా, ఉంచడం సరా అని. ఆ ప్రశ్నను ముందుగా అడగడమే పొరపాటని నా అభిప్రాయం. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఆసుపత్రిలో చేర్చాలా, ఇంట్లో ఉంచాలా అని వాదించుకోవడం లాంటిది అది.

ముందుగా ఒక చిన్న లెక్క చెబుతాను. క్రికెట్ కళ్ళతో చూసే మనకు బేస్‌బాల్ సగటు మొదట వింతగా తోస్తుంది, ఎందుకంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనవాణ్ణి ఇక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. నాలుగింట ఒకసారి హిట్ కొట్టగల, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరగల, మామూలు బ్యాటర్‌ను తీసుకోండి. అతని నైపుణ్యంలో ఏ మార్పూ లేకపోయినా, వరసగా 12 సార్లు ఖాళీ చేతులతో వెనుదిరిగే అవకాశం నూటికి మూడు వంతులు ఉంటుంది. సీజన్‌లో అతనికి 500 అవకాశాలు వస్తాయనుకుంటే, అలాంటి కరువు కేవలం అదృష్టం ఆడే ఆటవల్లనే నాలుగుసార్లు రావాలి. రాకపోతేనే ఆశ్చర్యపడాలి. అయినా 12 సార్లు హిట్ పడకపోయేసరికి టీవీలో వ్యాఖ్యాతలు అతని మోచేతిలో, మోకాలిలో, మనసులో లోపాలు వెతకడం మొదలుపెడతారు. లేని జబ్బుకు మందు మింగిస్తే అసలు జబ్బే వస్తుంది. బాగున్న స్వింగ్‌ను ఆ కంగారులో మార్చుకుని చెడగొట్టుకున్నవాళ్ళు తక్కువేమీ కాదు.

కనుక జట్టు మొదట తేల్చుకోవలసింది, కుర్రవాడికి బంతి తగలడం లేదా, లేక తగిలిన బంతి ఫీల్డర్ల చేతుల్లో పడుతోందా అన్నది. ఒకప్పుడు దీన్ని కంటితోనే అంచనా వేసేవారు. 2015 నుంచి ప్రతి మేజర్ లీగ్ మైదానంలోనూ బ్యాటును వదిలిన బంతి వేగాన్ని కొలుస్తున్నారు. గంటకు 95 మైళ్ళు దాటితే గట్టి దెబ్బగా లెక్కిస్తారు. ఇదే టోర్కెల్సన్ 2023 మొదటి నెలల్లో బంతిని గట్టిగానే బాదుతున్నా ఫలితం కనిపించలేదు. జట్టు ఓపిక పట్టింది, ఏడాది చివరికి 31 హోమ్ రన్లు వచ్చాయి. 2024లో మాత్రం ఆ గట్టి దెబ్బలే తగ్గాయి. బయటినుంచి చూసేవాడికి రెండు వసంతాలూ ఒకలాగే కనిపిస్తాయి. మొదటి ఏడాది ఉంచడమూ, రెండో ఏడాది పంపడమూ ఒకే వైద్యుడు రాసిన రెండు సరైన చీటీలని నేను అనుకుంటాను.

పవర్ హిట్టర్ విషయంలో మరో చిక్కు ఉంది. 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతి పిచర్ (బంతి విసిరేవాడు) చేతి నుంచి బ్యాటర్ ముందున్న ప్లేటును చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు పడుతుంది. ఆడాలా వదలాలా అన్న నిర్ణయం అందులో సగం గడిచేలోపే అయిపోవాలి. దూరం కొట్టగలవాడి స్వింగ్ బలంగా, పొడవుగా ఉంటుంది గనుక, అతనికి తప్పు దిద్దుకునే వ్యవధి మరీ తక్కువ. అందుకే స్ట్రైక్ అవుట్లు, అంటే తగిలించలేకపోయిన లేదా వదిలేసిన సరైన బంతులు (స్ట్రైకులు) మూడై అవుట్ కావడం, అతని వృత్తిలోనే ఒక భాగం. 2016 ఆగస్టులో న్యూయార్క్ యాంకీస్ పిలుపు అందుకున్న ఆరన్ జడ్జ్ 84 సార్లు బ్యాటింగుకు దిగి, సరిగ్గా సగం, అంటే 42 సార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు. సగటు .179, అంటే వెయ్యి ప్రయత్నాలకు 179 హిట్ల లెక్క. ఆ అంకెను తన ఫోన్లో రాసిపెట్టుకుని రోజూ చూసుకునేవాడు. మరుసటి ఏడాది 52 హోమ్ రన్లు కొట్టాడు, కానీ ఆ ఏడు కూడా 208 సార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు. స్ట్రైక్ అవుట్లను పూర్తిగా మాన్పించాలని జట్టు పంతం పట్టి ఉంటే, వాటితోపాటు ఆ 52 కూడా పోయేవి. ఫిలడెల్ఫియాకు ఆడిన మైక్ ష్మిట్ కథా ఇలాంటిదే. 1973లో .196 సగటుతో 136 స్ట్రైక్ అవుట్లు. అంత తక్కువ సగటులోనూ 18 హోమ్ రన్లు ఉన్నాయన్న సంగతి గమనించినవాళ్ళు ఓపిక పట్టారు. 1974లో 36 హోమ్ రన్లతో అతను లీగ్‌లో మొదటివాడయ్యాడు.

అయితే ఓపిక పట్టడమంటే మౌనంగా ఉండడం కాదు. ఈ విషయంలో 1951 న్యూయార్క్ నగరం మనకు రెండు పాఠాలు ఒకే వేసవిలో చెప్పింది. జెయింట్స్ జట్టులో చేరిన ఇరవై ఏళ్ళ విల్లీ మేస్‌కు మొదటి 12 ప్రయత్నాల్లో ఒక్క హిట్ కూడా రాలేదు. తర్వాతిది పిచర్ వారెన్ స్పాన్ బౌలింగులో హోమ్ రన్ అయినా, ఆ వెంటనే మళ్ళీ కరువు మొదలైంది. లాకర్ ముందు కూర్చుని ఏడుస్తున్న అతని దగ్గరికి మేనేజర్ లియో డ్యురోషర్ వెళ్ళి, తాను మేనేజర్‌గా ఉన్నంతకాలం సెంటర్ ఫీల్డ్ అతనిదేనని మాట ఇచ్చాడు. ప్యాంటు కాస్త పైకి లాక్కోమని, అలా చేస్తే అంపైర్లకు మోకాళ్ళు ఎక్కడున్నాయో తెలిసి కింది బంతులను స్ట్రైకులుగా ఇవ్వరని కూడా సలహా చెప్పాడంటారు. ఈ రెండో మాటే నాకు ఎక్కువ ఇష్టం. భరోసాతోపాటు, రేపు చేయదగిన ఒక చిన్న పని కూడా అందులో ఉంది. ఆ ఏడు మేస్ 20 హోమ్ రన్లు కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికయ్యాడు.

అదే వేసవిలో యాంకీస్ జట్టు మేనేజర్ కేసీ స్టెంగెల్, పంతొమ్మిదేళ్ళ మికీ మాంటిల్‌ను కాన్సస్ సిటీలోని మైనర్ లీగ్ జట్టుకు పంపించాడు. అక్కడ మాంటిల్ మొదట్లోనే బంట్ చేసి, అంటే బంతిని బ్యాటుతో మెల్లగా తాకించి, బేస్ చేరితే, నిన్ను ఇక్కడికి పంపింది బంట్లు నేర్చుకోవడానికి కాదని మేనేజర్ జార్జ్ సెల్కర్క్ మందలించాడు. ఆ తర్వాత హిట్లు పూర్తిగా ఆగిపోయాయి. కుర్రవాడు ఆట మానేస్తానని తండ్రికి ఫోన్ చేశాడు. ఓక్లహామాలో గనుల్లో పనిచేసే ఆ తండ్రి కారు వేసుకుని వచ్చి, ఓదార్చకుండా కొడుకు బట్టలు సర్దడం మొదలుపెట్టాడు, గనిలో పనికి తీసుకుపోతానని. మాంటిల్ ఆగాడు. అక్కడ 40 ఆటల్లో .361 సగటుతో రాణించి ఆగస్టులో తిరిగొచ్చాడు. ఈ కథ చెప్పి, కఠినంగా ఉంటేనే పిల్లలు దారికొస్తారని తేల్చేవారితో నేను ఏకీభవించను. ఆ మాట చెల్లింది తండ్రి నోట గనుక. జట్టు ఉద్యోగి ఎవరైనా ఆ పెట్టె సర్ది ఉంటే మాంటిల్ ఇంటికే వెళ్ళిపోయి ఉండేవాడేమో. పైగా మనకు చేరేవి లేచి నిలబడినవారి కథలే. దిగి మళ్ళీ ఎక్కనివారి పేర్లు ఎవరికీ గుర్తుండవు.

పంపక తప్పనప్పుడు జట్టు ఒక నిజాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకునే హక్కు పొందాలంటే మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సర్వీసు పూర్తి కావాలి, ఏడాదికి 172 రోజులు లెక్క. దిగువన గడిపే రోజులు సాధారణంగా అందులోకి రావు. అంటే కుర్రవాణ్ణి పంపితే జట్టుకు లోలోపల లాభం ఉండవచ్చు, ఆ సంగతి అతనికీ, అతని ఏజెంటుకూ తెలుసు. కాబట్టి ‘వెళ్ళి నమ్మకం కూడదీసుకుని రా’ లాంటి పొడి మాట అనుమానాన్నే పెంచుతుంది. లోపలి వైపుకు వచ్చే వేగపు బంతికి ఆలస్యమవుతున్నావు, దాన్ని సరిచేసుకో, ఫలానా మార్పు కనిపించగానే పిలుస్తాం అని చెప్పగలగాలి. అంత స్పష్టంగా చెప్పలేని జట్టు అతనిలో లోపం ఇంకా కనిపెట్టలేదన్నమాట.

లోపం కనిపెట్టిన తర్వాత దిద్దే గొంతు ఒక్కటే ఉండాలి. జపాన్‌లో సదహారు ఓ 1959లో యోమియురి జెయింట్స్‌కు ఆడడం మొదలుపెట్టి, మొదటి 26 సార్లు హిట్ లేకుండా వెనుదిరిగాడు. ఆ ఏడాది సగటు.161. బంతికి ఆలస్యంగా చేరే అతని బ్యాటును సరిదిద్దే పని 1962లో కోచ్ హిరోషి అరకావా చేతికొచ్చింది. అతను నేర్పిన ఒంటికాలి భంగిమను చూసి మొదట జనం నవ్వారు. ఆ ఏడాదే సదహారు ఓ 38 హోమ్ రన్లు కొట్టి, అక్కడి నుంచి 13 ఏళ్ళు వరసగా లీగ్‌లో మొదటి స్థానాన్ని వదల్లేదు, మొత్తం 868. ఇప్పుడు ఒక్కో జట్టుకు ఇద్దరు ముగ్గురు బ్యాటింగ్ కోచ్‌లు, వీడియో విశ్లేషకులు, మానసిక నిపుణులు ఉన్నారు. శీతాకాలపు సెలవుల్లో కుర్రవాడు డబ్బిచ్చి పెట్టుకున్న సొంత శిక్షకుడు వేరే. నలుగురు పెంచిన బిడ్డ తీరు మనకు తెలియనిది కాదు. అరకావాకు దొరికిన ఏకాంతం ఇవాళ్టి కోచ్‌కు దొరకాలంటే, మిగతావాళ్ళను కొన్నాళ్ళు మాట్లాడవద్దని జట్టే ఆదేశించాలి.

టోర్కెల్సన్ ఆ ఆగస్టులో తిరిగొచ్చాడు గాని, కథ అక్కడ సుఖాంతం కాలేదు. 2025 వసంత శిబిరానికి వచ్చేసరికి అతని చోటు అతనికి ఖాయంగా లేదు. రెండో బేస్ ఆటగాడు గ్లేబర్ టోరెస్ రాకతో, అప్పటిదాకా అక్కడ ఆడే కోల్ట్ కీత్‌ను టోర్కెల్సన్ చోటైన మొదటి బేస్‌కు మార్చే ఏర్పాటు నడిచింది. శిబిరంలో టోర్కెల్సన్ చేత రైట్ ఫీల్డ్‌లో కూడా ఆడించారు. ఆ ఏడాది అతను మళ్ళీ 31 హోమ్ రన్లు కొట్టాడు.