తెరిచి ఉంచిన రిజిస్టరు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కార్యదర్శి గారికి, పొద్దున్నుంచీ కుర్చీలు మోసిన పిల్లలకు కూడా. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి మేడమ్ అన్నారు. పుస్తకాలు చదవండి అని ఇరవై తొమ్మిదేళ్లు ఇక్కడే కూర్చుని చెప్పాను. గ్రంథాలయ ఉద్యమం నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి గురించి, కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణం గారి గురించి నా తర్వాత మాట్లాడేవాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను మాత్రం మీ ఇంట్లో కంప్యూటర్‌లో టార్ బ్రౌజర్, అంటే నెట్‌లో మీరేం చదువుతున్నారో బయటివాళ్లకి తెలియకుండా చూసుకునే ప్రోగ్రామ్, ఎలా పెట్టుకోవాలో చెబుతాను. కార్యదర్శి గారు నన్నే చూస్తున్నారు, సబ్జెక్టు మారిపోయిందని. లేదండీ, ఇదీ చదువు సంగతే.

1994లో మాకు ఇష్యూ రిజిస్టరని ఒకటుండేది. పొడుగాటి బౌండు పుస్తకం. తేదీ, పుస్తకం నంబరు, పుస్తకం పేరు, కార్డు నంబరు, సంతకం. అది నా బల్ల మీద పొద్దస్తమానం తెరిచే ఉండేది, పక్కన దారం కట్టిన పెన్ను. ఎవరి వరస వాళ్లే రాసుకుని సంతకం పెట్టి పుస్తకం తీసుకెళ్లేవాళ్లు. డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకతి మూర్ఛ జబ్బు మీద తెలుగులో ఉన్న చిన్న పుస్తకం తీసుకుంది. గడువు అయిపోతే మళ్లీ రాయించుకుంది. అంటే రిజిస్టరులో ఆ పుస్తకం పక్కన ఆ పిల్ల సంతకం రెండుసార్లు ఉంది. రోజూ పేపరు చదవడానికి వచ్చే పెద్దాయన ఒకాయన నిలబడి ఆ పేజీలు తిరగేశాడు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను, రిజిస్టరే కదా, ఏముంది అందులో అనుకున్నాను. అప్పటికి ఆ అమ్మాయికి ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. ఈయన వాళ్లకి దూరపు చుట్టం. పదిహేను రోజుల్లో సంబంధం తప్పిపోయింది.

ఫిట్స్ వచ్చేది ఆ అమ్మాయికి కాదు. తొమ్మిదేళ్ల తమ్ముడికి. వాడు పడిపోయినప్పుడు చేతిలో తాళాలు పెట్టాలా, నోట్లో చెంచా పెట్టాలా, ఏం చెయ్యకూడదు, అది తెలుసుకోడానికి చదివింది. ఆ సంగతి ఒక్కళ్లూ అడగలేదు. పైగా ఆ రోజుల్లో హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛని పెళ్లికి అడ్డంకిగా రాసి ఉంచారు, 1999లో సవరించి తీసేశారు. అంటే ఆ పెద్దాయన చేతిలో పడింది మామూలు పుకారు కాదు. ఆ అమ్మాయి మళ్లీ మన లైబ్రరీ మెట్లెక్కలేదు. సంబంధం పోయినదానికంటే నన్ను ఇప్పటికీ తినేస్తున్నది అదే. చదువుకునే పిల్ల, నా బల్ల దగ్గరికి రావడానికి భయపడింది. గ్రంథాలయ శాస్త్రంలో రంగనాథన్ గారు చెప్పిన ఐదు సూత్రాలు నాకు కంఠతా వచ్చు, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నదీ వచ్చు. రిజిస్టరు మూసిపెట్టు అని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఆ రిజిస్టరు సొరుగులో పెట్టి నేనే రాసేదాన్ని.

ఇప్పుడు ఆ పిల్ల లైబ్రరీకి ఎందుకొస్తుంది? ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మరి అక్కడ రిజిస్టరు లేదనుకుంటున్నారా? మీకు నెట్ ఇచ్చే కంపెనీకి మీరు ఏ సైట్‌కి వెళ్లారో తెలుస్తుంది. మీరు తెరిచిన సైట్‌కి మీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా, తెలుస్తుంది. ఆ పేజీలో ప్రకటనలు పెట్టేవాళ్లు మిమ్మల్ని ఈ సైట్ నుంచి ఆ సైట్‌కి వెంబడిస్తారు. రాత్రి మీ ఆవిడ గర్భసంచి ఆపరేషన్ గురించి వెతికితే, పొద్దున్నే మీ అబ్బాయి క్రికెట్ స్కోరు చూస్తుంటే పక్కన ఆసుపత్రి ప్రకటన వస్తుంది. ఇన్‌కాగ్నిటో ఉంది కదా మేడమ్ అని వెనకాల ఎవరో అంటున్నారు. బాబూ, అది మీ కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతే. ఇంట్లోవాళ్లకి కనబడదు, నెట్ కంపెనీకి కనబడుతుంది.

టార్ చేసే పని ఇది. మీరు ఒక ఉత్తరం రాసి మూడు కవర్లలో, ఒకదాంట్లో ఒకటి పెట్టి పంపారనుకోండి. మొదటివాడు పై కవరు చింపుతాడు, లోపల రెండోవాడి అడ్రసు ఉంటుంది. రెండోవాడు చింపితే మూడోవాడిది. మూడోవాడు చింపితే అసలు చేరాల్సిన చోటు. మొదటివాడికి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలీదు. మూడోవాడికి ఎక్కడికో తెలుసు, మీరెవరో తెలీదు. మధ్యవాడికి రెండూ తెలీవు. ఉల్లిపాయ పొరల్లా ఉంటుందని ఆనియన్ రూటింగ్ అన్నారు. 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన, టార్ నెట్‌వర్క్ 2002లో మొదలైంది, 2006 నుంచి ఒక లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ఆ మధ్య మనుషులు, వాటిని రిలేలంటారు, ప్రపంచమంతా స్వచ్ఛందంగా నడిపే కంప్యూటర్లు, వేలల్లో ఉన్నాయి.

వాటిలో ఒకటి ఒక లైబ్రరీ నడిపింది, తెలుసా! అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, లెబనాన్ అనే చిన్న ఊరు, కిల్టన్ పబ్లిక్ లైబ్రరీ. 2015లో టార్ రిలే పెట్టారు. హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ, అంటే వాళ్ల దేశ భద్రతా శాఖ, నుంచి పోలీసులకి మెయిల్ వెళ్లింది, పోలీసులు లైబ్రరీకి వచ్చి మాట్లాడారు, వీళ్లు భయపడి ఆపేశారు. సెప్టెంబరులో లైబ్రరీ బోర్డు మీటింగు పెడితే ఊళ్లో జనం వచ్చి, మళ్లీ పెట్టండి అన్నారు. పెట్టారు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వాళ్లు మూసిపెట్టిన రిజిస్టరు కోసం ఊరంతా నిలబడింది.

సరే, ఇక పని. ఇంట్లో విండోస్ కంప్యూటర్ అనుకుందాం. టార్‌ప్రాజెక్ట్ డాట్ ఓఆర్జీ (torproject.org), ఈ ఒక్క సైట్ నుంచే దించుకోండి. రాసుకోండి, అక్షరం తేడా రాకూడదు. 2022లో ఒక చైనా భాష యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకులో టార్ పేరుతో గూఢచారి ప్రోగ్రామ్ పెట్టి జనానికి అంటగట్టారు. దాక్కోవడానికి వెళ్లినవాళ్లే పట్టుబడ్డారు. కాబట్టి వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు, కంప్యూటర్ షాపతను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చింది, వద్దు. ఫైలు దిగాక దాని మీద రెండుసార్లు నొక్కి, భాష ఎంచుకుని, ఇన్‌స్టాల్ అనండి. తెరిస్తే కనెక్ట్ అని బటన్ వస్తుంది. నొక్కి కాసేపు ఆగండి. మొదటిసారి కొంచెం టైమ్ పడుతుంది, పాడైపోయిందని టెన్షన్ పడి మూసేయకండి. అసలు కనెక్టే కాకపోతే సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్ అని ఉంటుంది, అది పెట్టుకోండి, మీరు టార్ వాడుతున్నారన్నది అంత సులువుగా దొరక్కుండా చేస్తుంది.

తెరుచుకున్నాక ఏదైనా సైట్‌కి వెళ్లి పైన అడ్రస్ పక్కనున్న చిన్న బొమ్మ నొక్కండి, మీ దారి ఏ మూడు దేశాల మీదుగా పోతోందో కనబడుతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు జర్మనీ, ఫిన్లాండ్, నెదర్లాండ్స్. పైన చీపురు బొమ్మ ఒకటుంటుంది, అది నొక్కితే అన్ని ట్యాబులూ మూసుకుని కొత్తగా మొదలవుతుంది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునేముందు చీపురు నొక్కండి.

నెమ్మదిగా ఉంటుంది, మూడు చేతులు మారాలి కదా. సినిమాలు చూసుకోడానికి కాదిది. బ్యాంకు పనికి కూడా వద్దు, విదేశం నుంచి ఎవరో తెరుస్తున్నారని అకౌంటు ఆపేయొచ్చు. మీ సొంత మెయిల్‌తో లాగిన్ అయితే మీరెవరో మీరే చెప్పినట్టు. బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, యాడ్-ఆన్‌లంటారు, అవి అదనంగా పెట్టకండి. అడ్రస్ ముందు తాళం లేని సైట్‌లో పాస్‌వర్డ్ కొట్టకండి, దాన్ని ఆ మూడు కవర్లలో చివరిది చింపే మూడోవాడు చదవగలడు. 2007లో ఒక స్వీడన్ కుర్రాడు ఆ మూడోవాడి స్థానంలో కూర్చుని ఎన్నో దేశాల రాయబార కార్యాలయాల మెయిళ్ల పాస్‌వర్డులు పట్టుకున్నాడు. ఇంకొకటి, 2013లో అమెరికాలో ఒక యూనివర్సిటీ విద్యార్థి పరీక్షలు తప్పించుకోడానికి టార్‌లోంచి బాంబు బెదిరింపు మెయిల్ పంపి దొరికిపోయాడు, ఆ సమయంలో అక్కడి నెట్ మీద టార్ వాడుతున్నది కొద్దిమందే కాబట్టి. దొరకాల్సిందే, నాకు జాలి లేదు.

దీన్ని దొంగలు వాడతారు కదా అని అడుగుతారు. వాడతారు. నేరం చేసినవాణ్ణి పట్టుకోండి, ఎవరు కాదన్నారు? కానీ మూర్ఛ గురించి చదివే పిల్ల ఎందుకు లెక్క చెప్పాలి? కొట్టే మొగుడి నుంచి ఎలా బయటపడాలో రాత్రి పూట వెతుక్కునే ఇల్లాలు ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి? టార్ వాడటమే నేరం అని మన దేశంలో చట్టం లేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఇక్కడున్న లెక్చరర్లు, దయచేసి ఇది క్లాసులో చెప్పండి. తల్లిదండ్రులూ, మీ అమ్మాయి మీకు తెలియకుండా చదివేది ప్రతిదీ తప్పే అయి ఉంటుందని అనుకోకండి.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు, అయిపోయింది. ఆయన అనుమతితోనే వెనక రీడింగ్ రూములో ఉన్న కంప్యూటర్‌లో నిన్న ఇది పెట్టాను, తెరని గోడవైపు తిప్పించాను. టీ అయ్యాక ఎవరైనా రండి, ఎలా తెరవాలో ఒకసారి చూపిస్తాను. తర్వాత నేను కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చుంటాను. లేచేటప్పుడు చీపురు నొక్కడం మర్చిపోకండి.