కవలల్లో ఒకరు వినికిడి పరీక్షలో పాస్ అయితే ఇద్దరూ పాస్ అయినట్టు కాదు

అందరికీ నమస్కారం. నవజాత శిశువుల ఐసీయూలో పనిచేసే నర్సులు, డాక్టర్లు, కవలల తల్లిదండ్రులు ఇక్కడ కలిసి కూర్చున్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఇద్దరు బిడ్డలూ ఒకే కడుపున పుట్టినా, వినికిడి విషయంలో ఎవరి లెక్క వారిదే.

సాధారణంగా ప్రతి 1000 మంది పిల్లల్లో 1 నుంచి 3 మందికి పుట్టుకతోనే వినికిడి లోపం ఉంటుంది. ఐసీయూలో ఉండాల్సి వచ్చిన పిల్లల్లో ఇది చాలా రెట్లు ఎక్కువ. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు, అందుకే ఐసీయూకి వచ్చేవాళ్ళలో వీళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. 5 రోజులకు మించి ఐసీయూలో ఉండటం, రక్తమార్పిడి చేయాల్సినంతగా కామెర్లు ముదరడం, పుట్టగానే ఊపిరి అందక మెదడు దెబ్బతినడం, మెదడువాపు, ఇవన్నీ ప్రమాద సూచనలే. ఇద్దరి కేస్ షీట్లూ పక్కపక్కన పెట్టి చూడండి: ఒక బిడ్డ మూడో రోజుకే తల్లి పక్కలోకి వచ్చేస్తుంది, రెండో బిడ్డ వెంటిలేటర్ మీదే ఉంటుంది. ఇద్దరి ప్రమాదమూ ఒకటే ఎలా అవుతుంది?

తల్లి నుంచి కడుపులోని బిడ్డకు సోకి వినికిడిని దెబ్బతీయగల సీఎంవీ (సైటోమెగలో) వైరస్ సంగతి ఇంకా విచిత్రం. ఒకే గర్భంలో ఉన్నా ఒకరికి సోకి, మరొకరికి సోకకపోవచ్చు. ఉమ్మి లేదా మూత్రం పరీక్ష పుట్టిన 21 రోజుల్లోపే చేయాలి. ఆ తర్వాత చేస్తే, వైరస్ కడుపులో సోకిందో బయటికొచ్చాక సోకిందో తేల్చలేం.

ఇద్దరికీ కలిపి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. జెంటామైసిన్, అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ప్రాణం కాపాడే మందులు, వాడొద్దని నేననను. కానీ తల్లి నుంచి వచ్చే ఒక జన్యు మార్పు ఉంటే, మామూలు మోతాదుకే చెవులు దెబ్బతినవచ్చు. తల్లి నుంచి వచ్చేది కాబట్టి, ఉంటే ఇద్దరికీ ఉంటుంది. అందుకే "అమ్మా, మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఇంజెక్షన్లు వేశాక వినపడకుండా పోయిందా?" అని అడగండి. అడగడానికి ఒక్క నిమిషం చాలు.

ఇక పరీక్ష. ఐసీయూ పిల్లలకు ఓఏఈ (శబ్దానికి లోపలి చెవి తిరిగి పంపే ప్రతిధ్వనిని కొలిచే పరీక్ష) ఒక్కటే చాలదు. అది లోపలి చెవి వరకే చూస్తుంది. చెవి బాగానే ఉండి, శబ్దం నరం మీదుగా మెదడుకి సరిగా చేరని పిల్లలు ఐసీయూలోనే ఎక్కువ, వాళ్ళు ఓఏఈలో పాస్ అయిపోతారు. కాబట్టి శబ్దం నరం మీదుగా మెదడుకి చేరుతోందో లేదో చూసే ఏఏబీఆర్ పరీక్ష తప్పనిసరి. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డకు నుదుటిమీద, మెడ వెనుక, భుజంమీద చిన్న స్టిక్కర్లు అంటించి, చెవిలో మెల్లటి టిక్ టిక్ శబ్దాలు వినిపిస్తారు. మెదడు స్పందనను మెషీన్ చదువుతుంది. నొప్పేమీ ఉండదు, టెన్షన్ పడకండి.

నర్సులకు నా ప్రత్యేక విన్నపం: రిపోర్టు మీద తల్లి పేరు ఒక్కటే రాసి వదిలేయకండి. మొదటి బిడ్డ, రెండో బిడ్డ అని చేతి బ్యాండ్ చూసి మరీ రాయండి. ఇక్కడ తారుమారైతే వినికిడి లేని బిడ్డ నెలల తరబడి ఎవరి కంటా పడదు.

1 నెలలోపు స్క్రీనింగ్, 3 నెలల్లోపు నిర్ధారణ, 6 నెలల్లోపు చికిత్స, ఇదీ లక్ష్యం. ఐసీయూలో ఎక్కువ రోజులున్న బిడ్డ పాస్ అయినా, 9 నెలలలోపు మళ్ళీ పూర్తి వినికిడి పరీక్షకు రావాలి. సీఎంవీ ఉన్నా, మెదడువాపు వచ్చినా ఇంకా ముందే. వచ్చేటప్పుడు ఇద్దరి డిశ్చార్జ్ సమ్మరీలూ తీసుకురండి. ఏ మందు ఎన్ని రోజులు వాడారో అందులోనే ఉంటుంది.