బీటెక్ సీఎస్ఈ, 70 వేల బడ్జెట్: ఈ నాలుగు ల్యాప్‌టాప్‌లలో ఏది కొనాలి?

నమస్కారం అండి. ఈ వారం మెసేజ్‌ల నిండా ఒకటే ప్రశ్న. ఎంసెట్ కౌన్సెలింగ్ అయిపోయింది (ఈఏపీసెట్ అనాలి లెండి, నోటికి పాత పేరే వస్తుంది), సీటు వచ్చింది, ఇక ల్యాప్‌టాప్ కొనాలి. వాటిలో ఒక తండ్రి పంపిన మెసేజ్ నాకు నచ్చింది. "మంచి ల్యాప్‌టాప్ ఏదైనా చెప్పండి" అని వదిలేయకుండా నాలుగు లింకులు పెట్టారు. అమ్మాయికి సీఎస్ఈ సీటు, ఉండేది హాస్టల్‌లో, బడ్జెట్ 70 వేలు, నాలుగేళ్లు రావాలి. ఇంత స్పష్టంగా అడిగితే నాకూ చెప్పడం తేలిక. అందుకే ఈ రోజు ఆ నాలుగింటినే ముందేసుకుందాం.

మొదటిది రైజెన్ 5 7520యూ ప్రాసెసర్ ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్. అన్నింట్లో చవక. రెండోది ఇంటెల్ కోర్ ఐ5 13420హెచ్ ఉన్నది. ఇది పలచటిది, బరువు 1.6 కిలోలకు కాస్త అటూ ఇటూ. మూడోది ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. నాలుగోది ఆయన మాటల్లోనే: "మా అమ్మాయి మాత్రం మ్యాక్‌బుక్ ఎయిర్ అంటోంది సార్."

మొదటి మూడింటికీ కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు. అదే చిప్, అదే ర్యామ్‌తో మూడు నాలుగు కంపెనీల మోడళ్లు దొరుకుతాయి. పైగా ఒకే కంపెనీ ఒకే పేరు మీద రెండు రకాల స్క్రీన్లు పెట్టి అమ్ముతుంది. కాబట్టి లోపల ఏముందో చదవడం వస్తే చాలు, బయట ఏ పేరున్నా ఇబ్బంది లేదు.

ముందు ప్రాసెసర్. షాపులో అడిగితే "రైజెన్ 5 సార్, 7000 సిరీస్, లేటెస్ట్" అంటారు. ఆ 7520 అనే నంబర్‌ని విడదీసి చూద్దాం, స్క్రీన్ మీద పెద్దగా వేస్తున్నాను. ఏఎండీ వాళ్లు 7000 సిరీస్‌కి పెట్టుకున్న లెక్క ఇది. మొదటి అంకె ఏ ఏడాది మోడలో చెబుతుంది, 7 అంటే 2023. రెండోది దాని స్థాయి. మూడో అంకె చూడండి, అసలు కథంతా అక్కడే ఉంది. లోపలి కోర్ (ప్రాసెసర్‌లో అసలు లెక్కలు చేసే భాగం) ఏ తరానిదో చెప్పేది అదే. 7520లో ఆ అంకె 2, అంటే జెన్ 2. అది 2019లో బయటికొచ్చిన డిజైన్. కోర్లు నాలుగే. అదే 7530యూ అయితే మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. 7640 అయితే జెన్ 4. ల్యాప్‌టాప్ మీద స్టిక్కర్ మాత్రం మూడింటికీ రైజెన్ 5 అనే ఉంటుంది. కొత్త సంచిలో పాత బియ్యం వస్తే ఇంట్లో సంతోషిస్తారు కానీ, ఇక్కడ మాత్రం ఆ బేరం మనకొద్దు.

7520యూ పనికిరానిదని నేననడం లేదు. ఇంట్లో యూట్యూబ్, బ్యాంకు పనులు, ఆన్‌లైన్ దరఖాస్తులు, వర్డ్, ఎక్సెల్, వీటన్నింటికీ సరిపోతుంది. కరెంటు కూడా తక్కువే తీసుకుంటుంది. నాన్నగారి కోసం కొనేటట్లయితే దీన్నే చూడమంటాను. కానీ మూడో ఏడాదిలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, ఎమ్యులేటర్ (స్క్రీన్ మీదే నడిచే నకిలీ ఫోన్) నడుపుతూ, పక్కన క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు ఉంచుకునే అమ్మాయికి ఇది చాలదు. ఇంకో సంగతి ఏమిటంటే, ఈ చిప్ ఎల్‌పీడీడీఆర్5 రకం ర్యామ్‌తోనే పని చేస్తుంది. అది బోర్డుకు సోల్డర్ చేసి, అంటే విడదీయలేకుండా అతికించి వస్తుంది. 8 జీబీది కొంటే ఎప్పటికీ 8 జీబీయే.

ఇంటెల్‌లో ఇంకో రకం గోల. ఇక్కడ చివరి అక్షరం చూడాలి. 13వ తరంలో యూ అంటే 15 వాట్ల తరగతి, హెచ్ అంటే 45 వాట్ల తరగతి. ఐ5 1334యూలో పది కోర్లు, ఐ5 13420హెచ్‌లో ఎనిమిదే. పది పెద్దది కదా అని చాలామంది యూ వైపు వెళ్తారు. కానీ ఆ పదిలో బరువు పనులు చేసే పెద్ద కోర్లు రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. 13420హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. కోడ్ కంపైల్ చేసేటప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. హెచ్‌కి నష్టం లేదా అంటే ఉంది, బ్యాటరీ. దాని దగ్గరికి వస్తాను.

ఇక డబ్బాల మీద కనిపించే "ఏఐ" స్టిక్కర్. మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ అని పేరు పెట్టిన మెషీన్లకు ఎన్‌పీయూ (ఏఐ పనులకే పెట్టిన చిప్ భాగం) వేగం కనీసం 40 టాప్స్ ఉండాలి, ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఉత్త ఏఐ అనే స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ఆ లెక్కలోకి రాదు. అయినా ఈ అమ్మాయి వాడబోయే ఏఐ అంతా బ్రౌజర్‌లోనే ఉంటుంది. దాని కోసం పైసా ఎక్కువ పెట్టొద్దు.

ర్యామ్ సంగతి. ఇదివరకు నేను కూడా "8 జీబీది కొనండి, తర్వాత ఇంకో 8 వేయించుకోండి" అనే చెప్పేవాణ్ని. అప్పుడు అది సరైన సలహానే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు మెమరీ మొత్తం ఎగరేసుకుపోతున్నాయి. ఇప్పుడు తర్వాత కొందామనుకుంటే మిగిలేదేం లేదు. మొదటి రోజే 16 జీబీ ఉన్నది తీసుకోండి.

అయితే ఆ 16 ఎలా ఉందో కూడా చూడాలి. షాపులో డెమో పీస్ ఉంటే ఇలా చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద క్లిక్ చేయండి. కింద కుడి పక్కన చిన్న అక్షరాలు కనిపిస్తున్నాయి చూడండి: "స్లాట్స్ యూజ్డ్", దాని కింద "ఫామ్ ఫ్యాక్టర్". ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "ఎస్ఓడిమ్" అని ఉంటే ర్యామ్ స్టిక్‌ని విప్పి మార్చుకోవచ్చు. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే బోర్డుకు అతికించి ఉందని అర్థం. స్లాట్ల లెక్క ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, సోల్డర్ చేసిన వాటిని కూడా స్లాట్లుగానే లెక్కపెట్టి చూపిస్తుంది. కాబట్టి కంపెనీ వెబ్‌సైట్‌లోని స్పెసిఫికేషన్ పేజీతో కూడా సరిచూసుకోండి. ఆయన పంపిన రెండో లింకులో 8 బోర్డు మీద, 8 స్లాట్‌లో ఉన్నాయి. నాకిది ఓకే. ఆ స్లాట్‌లోదాన్ని ఎప్పుడైనా తీసి పెద్దది పెట్టుకోవచ్చు.

ఇప్పుడు స్క్రీన్. దీన్ని మాటల్లో చెప్పడం కంటే చూపిస్తేనే మేలు. రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాను, రెండింట్లోనూ ఒకటే ఫోటో. పెళ్లి మండపం, బంతిపూల దండల మధ్యలో ఎర్ర గులాబీలు. కుడివైపు దాంట్లో ఎరుపు ఎరుపులాగే ఉంది. ఎడమవైపు దాంట్లో గులాబీలు ఇటుక రంగులోకి దిగిపోయాయి, బంతిపూలకీ వాటికీ పెద్ద తేడా కనిపించడం లేదు. రెండింటి మీదా "ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్" అనే రాసి ఉంది. ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అనేవి స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు, నిట్స్ అంటే వెలుతురు కొలత. ఎడమది 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్. కుడిది 100 శాతం ఎస్ఆర్‌జీబీ. స్పెసిఫికేషన్లలో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" కనిపిస్తే రంగులు ఇలాగే ఉంటాయని అర్థం.

కోడింగ్‌కి రంగులెందుకండీ అంటారు. నిజమే, రంగుల విషయంలో సర్దుకుపోవచ్చు. వెలుతురు విషయంలో సర్దుకోలేం. 250 నిట్స్ స్క్రీన్‌ని కిటికీ పక్కన పెట్టుకుని పగలు చదవాలంటే కళ్లు లాగుతాయి. షాపులో లైట్ల కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. కాబట్టి మొహమాటపడకుండా ల్యాప్‌టాప్‌ని గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి చూస్తానని అడగండి. మొదటిదీ రెండోదీ ఇక్కడ దాదాపు ఒకటే, 250 ఒకదానిది, 300 ఇంకోదానిది. మ్యాక్‌బుక్ ఎయిర్‌ది 500. ఇక్కడ అమ్మాయి మాటే నెగ్గింది.

గేమింగ్ ల్యాప్‌టాప్ దగ్గరికి వద్దాం. "ఏఐ, ఎంఎల్ ప్రాజెక్టులకి గ్రాఫిక్స్ కార్డు కావాలంట" అని ఆయన రాశారు. ఈ మాట ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. నాన్నకి ప్రాజెక్ట్ అని చెప్పి వాలరెంట్ ఆడుకునే తమ్ముళ్లందరికీ తెలుసు. సరదాకి అంటున్నాను, కామెంట్లలో నన్ను తిట్టొద్దు.

ఆర్‌టీఎక్స్ 4050 మంచి కార్డే. కానీ ఆ పేరు చూసి ఆగిపోకూడదు. ఎన్‌విడియా ఆ చిప్‌ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతలో నడుపుకోవాలో ల్యాప్‌టాప్ కంపెనీలకే వదిలేసింది. అంటే రెండింట్లోనూ 4050 అనే ఉంటుంది, ఒకటి పరుగెడుతుంది, ఒకటి నడుస్తుంది. స్పెక్స్‌లో "టీజీపీ" అనే అంకె వెతకండి, కార్డుకి ఎన్ని వాట్లు ఇచ్చారో చెప్పేది అదే. అది ఎక్కడా రాయలేదంటే తక్కువే అయ్యుంటుందని నా అనుమానం.

ఇక మెషిన్ లెర్నింగ్ అసలు అవసరం. ఈ కార్డులో మెమరీ 6 జీబీ. బ్రౌజర్‌లోనే కోడ్ నడుపుకునే గూగుల్ కోల్యాబ్‌లో ఉచితంగా ఇచ్చే టీ4 కార్డులో 16 జీబీ. అలాంటిదే ఇంకో సైట్ కాగుల్‌లో వారానికి 30 గంటల దాకా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉచితం. నాలుగో ఏడాది ప్రాజెక్టుకి అది ఎంతో ఎక్కువ. దాని కోసం నాలుగేళ్లూ 2.4 కిలోల మెషీన్ మోయాలా? చార్జర్ కూడా కలిపితే 3 కిలోల దాకా వెళ్తుంది. ఆ చార్జర్ ఇటుకంత ఉంటుంది, చూడండి, నా అరచేతిలో పట్టడం లేదు. క్లాసులో ప్లగ్ దొరకదు. ప్లగ్ లేకుండా గేమింగ్ ల్యాప్‌టాప్ సగం శక్తితోనే నడుస్తుంది, ఎక్కువసేపు కూడా రాదు. హాస్టల్ గదిలో ముగ్గురికి కలిపి రెండు సాకెట్లు ఉంటాయి, ఏప్రిల్ ఎండల్లో ఆ ఫ్యాన్ మోత వేరే. మెకానికల్, సివిల్ వాళ్లు సాలిడ్‌వర్క్స్, రెవిట్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడతారు కాబట్టి వాళ్లకు ఈ కార్డు నిజంగా పనికొస్తుంది. ఆటలే కావాలంటే ఆటల కోసమే అని చెప్పి కొనుక్కోండి, అందులో తప్పేముంది.

మ్యాక్‌బుక్ ఎయిర్. ఎం4 చిప్‌ది 2025 మార్చిలో వచ్చింది. అప్పటి ధర 99,900, విద్యార్థుల ధర 89,900. ర్యామ్ 16 జీబీ. బరువు 1.24 కిలోలు. లోపల ఫ్యాన్ లేదు, కాబట్టి చప్పుడే ఉండదు. బ్యాటరీ విషయంలో మిగతా మూడూ దీని దరిదాపుల్లోకి రావు. ఉదయం క్లాసుకి చార్జర్ లేకుండా వెళ్లి సాయంత్రం రావచ్చు. సీ, జావా, పైథాన్, వెబ్ డెవలప్‌మెంట్ అన్నీ హాయిగా నడుస్తాయి. సీఎస్ఈ అమ్మాయి దీన్ని అడగడంలో షోకు మాత్రమే లేదు సార్, అర్థముంది.

కష్టాలూ ఉన్నాయి. స్టోరేజ్ 256 జీబీ, ర్యామ్‌లాగే అదీ తర్వాత పెంచుకునేది కాదు. ఎన్‌విడియా కార్డుల మీద ఏఐ లాంటి కోడ్ నడిపే సీయూడీఏ నడవదు. బ్రాంచ్ మారి ఈసీఈకో మెకానికల్‌కో వెళ్తే అక్కడ వాడే వివాడో, సాలిడ్‌వర్క్స్, కేటియా అనే సాఫ్ట్‌వేర్లు మ్యాక్‌కి లేవు. స్లైడింగ్‌లో బ్రాంచ్ మారే అవకాశం ఉంటే, సీటు ఖాయమయ్యే దాకా మ్యాక్ కొనొద్దు. మరి డబ్బు? అప్పటి విద్యార్థి ధరకైనా బడ్జెట్ మీద దాదాపు ఇరవై వేలు ఎక్కువ. మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ అడ్వాన్స్ కట్టిన నెలలో ఆ ఇరవై వేలు చిన్న మొత్తం కాదు.

ఇందాక బ్యాటరీ అన్నాను కదా. గంటల లెక్క కంపెనీ చెప్పింది నమ్మకుండా మీరే వేసుకోవచ్చు. బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో చూడండి. రెండో ల్యాప్‌టాప్‌లో 50 అనుకుందాం. మామూలు బ్రౌజింగ్, కోడింగ్‌కి గంటకు 10 వాట్-అవర్లు లాగితే ఐదు గంటలు. పని పెరిగితే మూడున్నరకు దిగుతుంది. రోజంతా రాదు. అందుకే ఈ తరగతిలో కొనేవాళ్లు టైప్-సీ పోర్ట్‌తో చార్జింగ్ అవుతుందో లేదో తప్పకుండా చూసుకోండి. అలా అవుతుంటే 65 వాట్ల చార్జర్ ఒక్కటి కొంటే ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ అదే సరిపోతుంది. టైప్-సీ పోర్ట్ ఉంది కదా అని చార్జింగ్ కూడా అవుతుందనుకోవద్దు, కొన్నింట్లో అది డేటాకి మాత్రమే.

నా ఓటు రెండోదానికే సార్. ఐ5 13420హెచ్, 16 జీబీ, 512 జీబీ. స్క్రీన్, బ్యాటరీ రెండింట్లోనూ ఓ మోస్తరే, అది దాచను. కానీ నాలుగో ఏడాదిలో కూడా మొరాయించకుండా పని చేసే సత్తా, ర్యామ్ పెంచుకునే వీలు, మోయగలిగే బరువు, ఈ మూడూ మీ బడ్జెట్‌లో కలిసొచ్చింది దీంట్లోనే. ఇంకో ఇరవై వేలు ఇబ్బంది లేకుండా వస్తాయంటే, బ్రాంచ్ మారదంటే, అమ్మాయి అడిగిందే కొనివ్వండి, నేను అడ్డు చెప్పను.

ఈ రోజు ధర ఎంతో చెప్పడం లేదు, మీరు వీడియో చూసే సరికి మారిపోతుంది. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ ప్యారడైజ్ వైపు, కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఓసారి తిరిగి, అదే మోడల్ నంబర్‌ని ఆన్‌లైన్‌లో కూడా చూసి బేరమాడండి. నో-కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి, అవి కలిపి లెక్కేసుకోండి. వారంటీ "ఆన్‌సైట్" అయితే మనిషి ఇంటికొస్తాడు, "క్యారీ-ఇన్" అయితే మనమే మోసుకెళ్లాలి. చిన్న ఊళ్లలో ఉండేవాళ్లకు ఈ ఒక్క మాటే రెండు మూడు వేల విలువ చేస్తుంది.

డబ్బా వచ్చాక సీల్ తీసేటప్పుడే ఫోన్‌లో వీడియో తీయండి. డబ్బా మీది సీరియల్ నంబర్, ల్యాప్‌టాప్ అడుగున ఉన్నది, బిల్లు మీద ఉన్నది, మూడూ ఒకటేనా చూడండి. ఆ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొడితే వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో చూపిస్తుంది. ఆరు నెలల కిందటి తేదీ కనిపిస్తే బిల్లు పంపి సరిచేయించుకోండి, వెంటనే చేయండి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. రిటర్న్ గడువు లోపలే తెల్ల స్క్రీన్, నల్ల స్క్రీన్ పెట్టి చుక్కలేమైనా ఉన్నాయేమో వెతకండి, కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూడండి.

మీ షార్ట్‌లిస్ట్ కామెంట్లలో పెట్టండి. ప్రాసెసర్ పేరు చివరి అక్షరంతో సహా రాయండి, బ్రాంచ్ ఏదో, హాస్టలో డే స్కాలరో కూడా చెప్పండి. వచ్చే వీడియో మెకానికల్, సివిల్ వాళ్ల కోసం, గ్రాఫిక్స్ కార్డుల మీద.