బోల్టు తల మీది రాత

అధ్యక్షులకు, అధ్యాపకులకు నమస్కారాలు. ఫిట్టర్ ట్రేడు పూర్తి చేసుకుని వెళ్తున్న మీతో నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. విశాఖ సముద్రపు గాలిలో ఏళ్ల తరబడి పంపులు మరమ్మతు చేసినవాడిని కనుక, ఆ నాలుగూ బోల్టు గురించే చెబుతాను.

"ఎస్.ఎస్. అయితే మంచిది", అంటే స్టెయిన్‌లెస్ స్టీలు అయితే మంచిది అనే నమ్మకం మన షాపుల్లో పాతుకుపోయింది. తుప్పు విషయంలో అది చాలావరకు నిజమే. 304 రకం స్టెయిన్‌లెస్‌లోని సుమారు 18 శాతం క్రోమియం పైన పలుచని పొర కట్టి లోపలి ఇనుమును కాపాడుతుంది. బలం విషయంలో నిజం కాదు. తల మీద 8.8 అని ఉన్న కార్బన్ స్టీలు బోల్టు చదరపు మిల్లీమీటరుకు 640 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది. ఏ2-70 అని ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు 450 దగ్గరే తిరిగిరాని విధంగా సాగుతుంది.

ఈ తేడా తెలియని వయసులో, ఒక పంపు డెలివరీ ఫ్లేంజికి, అంటే నీళ్లు బయటికి వెళ్లే గొట్టాన్ని కలిపే అంచుకు ఉన్న తుప్పుపట్టిన 8.8 బోల్టులు తీసేసి, మెరిసే స్టెయిన్‌లెస్‌వి నేనే వేయించాను. గ్రీజు లేకుండా పాత టార్కుకే, అంటే రెంచితో తిప్పే అదే బలానికే బిగించాం. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే బోల్టు, నట్ల మరలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. రెంచి టక్కుమన్నా బోల్టులోకి బిగువు రాలేదు. మూడో రోజుకే ఫ్లేంజిల మధ్య నీరు కారకుండా పెట్టే గాస్కెట్టు కారింది. విప్పబోతే నట్లు కదల్లేదు. రాత్రంతా హ్యాక్సాతో కోశాం, తెల్లవారేదాకా నీళ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి నాతోపాటు నిలబడిన హెల్పర్ల చేతుల బొబ్బలు ఇంకా నా కళ్లముందే ఉన్నాయి.

ఇక తుప్పు పట్టదన్న ధీమా ఎంత ప్రమాదమో చూడండి. స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్‌లో 1985లో ఈతకొలను కాంక్రీటు కప్పు కూలి 12 మంది చనిపోయారు. దాన్ని వేలాడదీసిన కడ్డీలు స్టెయిన్‌లెస్‌వే. క్లోరైడ్ల వల్ల అవి పగుళ్లు పట్టి తెగిపోయాయి.

అందుకే ఉప్పుగాలి తగిలే రెయిలింగులకు మాలిబ్డినం కలిసిన 316 అడగండి, మరలకు అవి కరుచుకోకుండా యాంటీ-సీజ్ లేపనం పూయండి. బరువు మోసే చోట కరిగిన జింకులో ముంచి తీసిన 8.8 వాడండి, దాని నట్టు కూడా ఆ పూత మందానికి తగినదే తెప్పించండి. స్టోర్సుకు పంపే ఇండెంటు చీటీలో ఉత్త "ఎస్.ఎస్. బోల్టు" అని మాత్రం రాయవద్దని చేతులెత్తి అడుగుతున్నాను, గ్రేడు రాయకపోతే స్టోర్సు వారు చవకగా దొరికినదే తెస్తారు.

ముందు వరసలోని బాబూ, ఆ బోల్టుల ట్రే ఇటు అందించు. తల మీద ఏ రాతా లేనివి ముందు వేరు చేద్దాం.